టెలికాం ఉద్యోగులు నిజాయితీగా పనిచేయాలంటే మేనేజర్‌గా మీరు ఏం చేయాలి?

మీరు సిమ్ స్టోర్ మేనేజరో, కాల్ సెంటర్‌లో టీమ్ లీడరో, ఏరియాలో డిస్ట్రిబ్యూటర్ల పని చూసే అధికారో అయితే ఇది మీకోసం రాస్తున్నాను. కింది వాళ్ళు తప్పుదారి పట్టకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగితే చాలా కంపెనీల దగ్గర ఒకటే జవాబు ఉంటుంది: ఏడాదికోసారి ఆన్‌లైన్ ట్రైనింగ్, చివర్లో కొన్ని ప్రశ్నలు, ఒక సర్టిఫికెట్. ఆ ట్రైనింగ్ ఉండాల్సిందే. కానీ కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడు రేపు ఏం చేస్తాడో దాన్ని బట్టి చెప్పలేం. అతని టార్గెట్ ఎంత, నెలాఖరులో పై వాడు ఏమన్నాడు, పక్కవాడు తప్పు చేసి దొరికితే ఏం జరిగింది, వీటిని బట్టి చెప్పొచ్చు. ఈ మూడింటిలోనూ మీ చెయ్యి ఉంది. అందుకే ఉద్యోగి గుణం గురించి కాకుండా మీరు చేయాల్సిన పనుల గురించే చెబుతాను.

1. తప్పు ఎక్కడ జరగొచ్చో ముందు కాగితం మీద పెట్టండి

"విలువలు", "నైతికత" లాంటి పెద్ద మాటలతో మీటింగ్ మొదలుపెడితే అందరూ తలూపి వెళ్ళిపోతారు. మీ స్టోర్‌లో, మీ ఫ్లోర్‌లో జరిగే పనినే ముందు పెట్టుకోండి.

సిమ్ కౌంటర్ సంగతి చూద్దాం. ఊరి నుంచి ఒక పెద్దాయన ఆధార్ కార్డు పట్టుకుని కొత్త సిమ్ కోసం వస్తాడు. ఏజెంట్ వేలిముద్ర తీసుకుంటాడు. "పడలేదు తాతా, చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టు" అంటాడు. నిజానికి మొదటిసారే పడింది. రెండోసారి పెట్టించిన వేలిముద్రతో ఆయన పేరు మీదే ఇంకో సిమ్ యాక్టివేట్ అవుతుంది. అది అసలు ధరకి ఎన్నో రెట్లకి బయట అమ్ముడుపోతుంది. కొన్నాళ్ళకి ఆ నంబర్ నుంచి ఎవరికో పోలీసులమంటూ భయపెట్టి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్ట్" ఫోన్ వెళ్తుంది, ఎవరి రిటైర్మెంట్ డబ్బులో పోతాయి. పోలీసులు వాకబు చేస్తూ వచ్చేదాకా పెద్దాయనకి ఏమీ తెలియదు. 2025 మే నెలలో సీబీఐ, సైబర్ నేరాల మీద చేపట్టిన ఆపరేషన్ చక్ర-5 కింద 8 రాష్ట్రాల్లో 42 చోట్ల సిమ్ అమ్మే ఏజెంట్ల దగ్గర సోదాలు చేసింది. ఆ రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది.

మిగతా విభాగాల్లోనూ ఇలాంటి చోట్లు ఉంటాయి. బ్రాడ్‌బ్యాండ్ టెక్నీషియన్ "సార్, ఓటీపీ చెప్పేయండి, సాయంత్రం వచ్చి లైన్ చూస్తాను" అని రిపేరు చేయకముందే కంప్లైంట్ క్లోజ్ చేయించుకుంటాడు. కాల్ సెంటర్ ఏజెంట్ కస్టమర్ "ఆఁ" అన్నదాన్నే ఒప్పుకోలుగా తీసుకుని కాలర్ ట్యూన్ ప్యాక్ వేసేద్దామనుకుంటాడు. ఇలాంటివి మితిమీరడం వల్లే 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, అదనపు సేవలకి కస్టమర్ రెండుసార్లు ఒప్పుకుంటేనే యాక్టివేట్ చేయాలని ఆదేశించింది. డూప్లికేట్ సిమ్ కౌంటర్‌లో ఫొటో సరిగా పోల్చి చూడకుండా కొత్త సిమ్ ఇచ్చేస్తే అసలు కస్టమర్ బ్యాంకు ఖాతా ఖాళీ కావచ్చు. టవర్ సైట్‌లో డీజిల్ దొంగతనం, పర్చేజ్ విభాగంలో వెండర్ ఇచ్చే కానుకలు వేరే.

ఒక్కో చోటుకి ఒక్కో వాక్యం రాయండి. పక్కన మూడు సంగతులు రాయండి: అక్కడ తప్పు చేస్తే ఎవరికి లాభం, ఎవరి కంటికైనా కనిపిస్తుందా, దొరికితే ఏమవుతుంది. లాభం వెంటనే వచ్చి, ఎవరికీ కనపడక, దొరికినా ఏమీ కాని చోటు ఏదో అక్కడే మొదలుపెట్టండి. ఈ కాగితం మీరొక్కరే రాయొద్దు. పాత ఉద్యోగులు ఇద్దరిని కూర్చోబెట్టి, "ఎవరు చేశారో నాకు చెప్పక్కర్లేదు, ఎలా చేస్తారో చెప్పండి చాలు" అని అడగండి. మీకు తెలియనివి కనీసం రెండు బయటపడతాయి.

2. టార్గెట్‌ను మీరే చేసి చూడండి

అన్నిటికన్నా బరువైన సంగతి ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

మీ స్టోర్‌కి రోజూ ఎంతమంది వస్తారు, వాళ్ళలో ఎంతమంది కొత్త కనెక్షన్ కోసం వస్తారు, టార్గెట్ ఎంత? ఈ మూడు అంకెలు పక్కపక్కన రాయండి. వచ్చేవాళ్ళందరికీ అమ్మినా టార్గెట్ అందదని తేలితే, మీ ఉద్యోగి ముందు రెండే దారులున్నట్టు: ఇన్సెంటివ్ వదులుకోవడం, లేదా దొంగ యాక్టివేషన్. ఇంటద్దె కట్టాల్సిన మనిషిని ప్రతి నెలా ఆ రెండిటి మధ్య నిలబెట్టి, తప్పు చేశాడని తిట్టడం న్యాయం కాదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. మీ టీమ్‌లో నిజాయితీపరులని అందరూ ఒప్పుకునే వాళ్ళు గత మూడు నెలల్లో టార్గెట్ అందుకున్నారా? వాళ్ళలో చాలామంది అందుకోలేకపోతే తేడా టార్గెట్‌లోనే ఉంది.

యాక్టివేషన్ అంకె కోసం కస్టమర్ ఒప్పుకోలును పక్కన పెడితే ఏమవుతుందో దేశం మొత్తం చూసిన ఉదంతం ఒకటుంది. 2017లో సిమ్‌ను ఆధార్‌తో సరిచూసుకోవడానికి వచ్చిన ఎయిర్‌టెల్ కస్టమర్లలో లక్షల మందికి, వాళ్ళకి సరిగా తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారు. గ్యాస్ సబ్సిడీ డబ్బు వాళ్ళ పాత బ్యాంకు ఖాతాకి బదులు ఆ కొత్త ఖాతాల్లోకి వెళ్ళింది. సబ్సిడీ రాలేదని గ్యాస్ ఏజెన్సీ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరిగినవాళ్ళకి అది ఎక్కడ పడిందో తెలియలేదు. 2017 డిసెంబర్‌లో ఆధార్ సంస్థ ఎయిర్‌టెల్, ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు రెండింటికీ ఉన్న ఈ-కేవైసీ అనుమతిని, అంటే ఆధార్‌తో కస్టమర్ గుర్తింపు సరిచూసే అనుమతిని కొన్నాళ్ళు నిలిపివేసింది. సుమారు 190 కోట్ల సబ్సిడీ సొమ్ము వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. 2018 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ ఆ పేమెంట్స్ బ్యాంకుకి 5 కోట్ల జరిమానా వేసింది. ఒక పని కోసం పెట్టించిన వేలిముద్రని ఇంకో పనికి వాడడం దగ్గరే ఇదంతా మొదలైంది.

పై నుంచి వచ్చే టార్గెట్‌ను మార్చే అధికారం మీకు లేకపోవచ్చు. అయినా ఇవి చేయొచ్చు. యాక్టివేట్ అయిన రోజే ఇన్సెంటివ్ మొత్తం ఇవ్వకుండా, ఆ నంబర్ 90 రోజులు వాడకంలో ఉన్నాకే పెద్ద భాగం ఇచ్చేలా అడగండి. దొంగ యాక్టివేషన్‌కి ఆ తర్వాత విలువ ఉండదు. వచ్చిన ఫిర్యాదులనీ స్కోర్‌లో కలపండి. ఒకే ఏజెంట్ ఒకే గంటలో మామూలుగా సాధ్యంకానన్ని యాక్టివేషన్లు చేస్తే మీ ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా సిస్టమ్ వాళ్ళతో పెట్టించండి. టెక్నీషియన్ల విషయంలో, క్లోజ్ చేసిన టికెట్ల లెక్క పక్కన "ఏడు రోజుల్లో మళ్ళీ వచ్చిన కంప్లైంట్లు" లెక్క కూడా పెట్టండి. ఓటీపీ ముందే అడిగి మూసేసే అలవాటు ఎవరికి ఉందో ఆ రెండో లెక్క మీకు చూపిస్తుంది.

3. నెలాఖరులో మీ నోట వచ్చే మాట

కంపెనీ పాలసీ ఉద్యోగికి ఎప్పుడూ దూరంగానే ఉంటుంది, వినిపించేది మీ గొంతే. 28వ తేదీ రాత్రి వాట్సాప్ గ్రూపులో "ఎలాగైనా క్లోజ్ చెయ్యండి, ఏం చేస్తారో నాకు తెలీదు, రేపు పొద్దున్నకి నంబర్ కావాలి" అని పెడితే, ఆ రాత్రి నుంచి మీ టీమ్‌కి అదే పాలసీ. "ఏం చేస్తారో నాకు తెలీదు" అన్న మాటను కింది వాళ్ళు "ఏం చేసినా అడగను" అని అర్థం చేసుకుంటారు. వాళ్ళ తప్పు లేదు, ఆ మాటకి అదే అర్థం.

అందుకని మాట మార్చండి. "ఎంత తక్కువైందో చెప్పండి, ఎందుకు తక్కువైందో కూడా చెప్పండి. కేవైసీ లేని యాక్టివేషన్ ఒక్కటి కూడా నాకు వద్దు" అని అదే గ్రూపులో, అదే రోజున పెట్టండి. మామూలు రోజుల్లో చెప్పే నీతికి పెద్ద ఖర్చు ఉండదు. టెన్షన్ ఉన్న రోజున చెప్పిందే వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ఎవరైనా టార్గెట్ తగ్గినా సరే తప్పుడు ఫారం వెనక్కి తిప్పి పంపితే, ఆ పేరు మీటింగ్‌లో మీరే చెప్పండి. ఇప్పటిదాకా ఎక్కువ అమ్మినవాడికే చప్పట్లు కొట్టించి ఉంటారు, ఈసారి ఈ మనిషికి కొట్టించండి.

మీ పై అధికారి మీకు అలాంటి మాటే అంటే? వెంటనే మెయిల్ పెట్టండి: "మీరు చెప్పిన అంకె అందుకోవాలంటే ఫలానా చెక్ వదిలేయాలి. వదిలేయమంటారా?" మర్యాదగా, రెండు వాక్యాల్లో. రాతపూర్వకంగా "వదిలేయండి" అని జవాబిచ్చేవాళ్ళు చాలా అరుదు.

4. ఆఫ్‌రోల్ వాళ్ళని మీ మనుషులుగా చూడండి

టెలికాంలో కస్టమర్‌కి కనిపించే మనిషి చాలాసార్లు కంపెనీ ఉద్యోగి కాదు. టీషర్ట్ మీద కంపెనీ పేరుంటుంది, జీతం ఏజెన్సీ నుంచి వస్తుంది. ప్రమోటర్, ఫీల్డ్ టెక్నీషియన్, టవర్ దగ్గర వాచ్‌మన్, డిస్ట్రిబ్యూటర్ దగ్గర తిరిగే సేల్స్ కుర్రాడు అందరూ అంతే. ఇన్సెంటివ్ రెండు నెలలు ఆలస్యంగా వచ్చి, పీఎఫ్ కట్టారో లేదో తెలియక, ఎప్పుడు తీసేస్తారో తెలియని మనిషికి కంపెనీ పేరు నిలబెట్టాలని ఎందుకనిపిస్తుంది? నాకు ఈ రంగంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. తప్పు బయటపడితే ముందు పోయేది వీళ్ళ ఉద్యోగమే, ట్రైనింగ్‌కి ఆఖర్న పిలిచేదీ వీళ్ళనే.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఏజెన్సీ బిల్లు పాస్ చేసేముందు ఆ నెల జీతాలు, పీఎఫ్ పడిన రుజువు అడగండి. ఇన్సెంటివ్ లెక్క వాళ్ళకి అర్థమయ్యే తెలుగులో ఒక పేజీలో ఇవ్వండి. కోత పెడితే ఎందుకు పెట్టారో చెప్పండి. ట్రైనింగ్ కూడా తెలుగులోనే, వాళ్ళు రోజూ చేసే పని మీదే పెట్టండి.

ఉద్యోగుల పట్ల కంపెనీయే అన్యాయంగా ఉంటే అది ఎంత దూరం వెళ్తుందో ఫ్రాన్స్ టెలికాం అనే కంపెనీ కేసు చూపించింది. 2006 తర్వాత 22,000 మందిని తగ్గించుకోవాలని ఆ కంపెనీ పెట్టిన ఒత్తిడి మీద విచారణ జరిగింది. కోర్టు 39 మంది ఉద్యోగుల సంగతి పరిశీలించింది. వాళ్ళలో 19 మంది ఆత్మహత్య చేసుకున్నారు, 12 మంది ప్రయత్నించారు. 2019 డిసెంబర్‌లో కంపెనీనీ, మాజీ అధిపతి డిడియర్ లొంబార్‌నూ మానసిక వేధింపుల కింద దోషులుగా తేల్చారు. అలాంటి చోట ఉద్యోగికి నీతి పాఠం చెప్పే అర్హత ఎవరికుంటుంది?

5. కస్టమర్ డేటా దగ్గర తాళం వేయండి, తాళం వేశామని చెప్పండి

ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఎక్కడి నుంచి చేశారు అన్నది కాల్ రికార్డులో ఉంటుంది. 2018లో ఠాణే పోలీసులు ఇలాంటి రికార్డులు సంపాదించి అమ్ముతున్న వాళ్ళని పట్టుకున్నారు, వాళ్ళలో ప్రైవేట్ డిటెక్టివ్‌లు కూడా ఉన్నారు. కానీ మీ ఉద్యోగి దగ్గరికి డిటెక్టివ్‌కన్నా ముందు చుట్టం వస్తాడు. "బావా, మీ మరదలు రాత్రిళ్ళు ఎవరితో మాట్లాడుతోందో కాస్త చూసి చెప్పవా, ఒక్కసారే" అంటాడు. ఆ ఒక్కసారి వల్ల ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి రావొచ్చు. కాదంటే చుట్టరికం చెడుతుందని భయం.

ఆ సమయంలో చెప్పడానికి ఒక మాట ముందే చేతికివ్వండి: "నేను తెరిస్తే నా పేరు, టైము లాగ్‌లో పడతాయి బావా. ఉద్యోగం పోవడమే కాదు, కేసు అవుతుంది. ఏదైనా అనుమానం ఉంటే నువ్వే తనతో కూర్చుని మాట్లాడు." ట్రైనింగ్‌లో దీన్ని ఇద్దరితో చెప్పించండి. మొదట నవ్వుతారు. అవసరం పడిన రోజున నోటికొస్తుంది.

ఆ మాట నిజం కావాలంటే ఎవరు ఏం తెరిచారో నమోదయ్యే లాగ్ ఉండాలి, దాన్ని ఎవరైనా చూడాలి. నంబర్ తెరిచే ప్రతిసారీ కారణం రాసేలా, ఆ పని లేని వాళ్ళకి యాక్సెస్ లేకుండా చేయించండి. వారానికోసారి కొన్ని ఎంట్రీలు తీసి, "ఈ నంబర్ ఎందుకు తెరిచారు?" అని మామూలుగా అడగండి. అడుగుతారని తెలిస్తేనే చాలామంది ఆగిపోతారు. పాస్‌వర్డ్ పంచుకోవడం మాత్రం ఒక్కరికి కూడా అనుమతించొద్దు, మీ పాస్‌వర్డ్‌తో సహా.

చట్టం సంగతి భయపెట్టేలా కాకుండా సూటిగా చెప్పండి. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023లోని 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా టెలికాం కంపెనీ డేటాలోకి వెళ్ళినా, దాన్ని బయటికి ఇచ్చినా 3 ఏళ్ళ దాకా జైలు, 2 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. మోసంతో, వేరేవాళ్ళ పేరుతో సిమ్ తీసుకుంటే 3 ఏళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సిమ్ అమ్మే ఏజెంట్లకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2023లో నిబంధన వచ్చింది, అక్రమాలకి పాల్పడితే 3 ఏళ్ళు బ్లాక్‌లిస్టులో పెడతారు. ఈ నాలుగు వాక్యాలు కౌంటర్ వెనక గోడకి అంటించండి.

కస్టమర్‌కి కూడా తన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోవడం నేర్పించమనండి. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ సదుపాయం ఉంది. ఈ సదుపాయం 2021లో మొదట మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారుల కోసమే మొదలైంది. సిమ్ ఇచ్చిన ప్రతి పెద్దాయనకీ మీ ఏజెంటే ఆ పేజీ తెరిచి చూపిస్తుంటే, అదే ఏజెంట్ రెండో వేలిముద్ర అడగడం కష్టం.

6. చెప్పుకునే దారి ఒకటి ఉండాలి

లిస్టెడ్ కంపెనీలకి ఫిర్యాదు వ్యవస్థ ఉండాలని కంపెనీల చట్టం 2013లో 177వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆ మెయిల్ ఐడీ మీ ప్రమోటర్‌కి తెలుసా? తెలిసినా, ఇంగ్లీషులో రాయగలడా? తెలుగులో మాట్లాడే ఫోన్ నంబర్ ఒకటి, ఆఫ్‌రోల్ వాళ్ళూ వాడుకునేలా పెట్టించండి. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ళ చేతికే అది వెళ్ళకూడదు. వారంలోపు "చూస్తున్నాం" అన్న జవాబైనా వెళ్ళాలి. మొదటి ఫిర్యాదు చేసిన మనిషిని ఎవరో గుర్తుపట్టి దూరపు సైట్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తే, ఇంకెవరూ నోరు విప్పరు. ఆ మనిషి షిఫ్టు, ఇన్సెంటివ్, ట్రాన్స్‌ఫర్ మీద ఆరు నెలలు మీరే కన్నేసి ఉంచండి.

7. టాప్ సెల్లర్ దొరికిన రోజు

మీరు ఎన్ని చెప్పినా టీమ్ మిమ్మల్ని నమ్మేదీ నమ్మనిదీ ఈ ఒక్క రోజున తేలిపోతుంది. తక్కువ అమ్మే కొత్త కుర్రాడు తప్పు చేస్తే తీసేసి, ఎక్కువ అమ్మేవాడు అదే తప్పు చేస్తే "ఈసారికి వార్నింగ్" అంటే, మీ నిబంధన ఎంత అమ్మేవాళ్ళకి వర్తించదో అందరూ లెక్క కట్టేస్తారు. ఏ తప్పుకి ఏ శిక్షో ముందే రాసి పెట్టుకోండి, పేర్లు తెలియక ముందే. పొరపాటునీ మోసాన్నీ వేరుగా చూడండి: ఫొటో మసగ్గా అప్‌లోడ్ చేసినవాడికి మళ్ళీ నేర్పించాలి, రెండో వేలిముద్ర తీసినవాడిని ఉంచుకోకూడదు. శిక్ష వేసేముందు అతని మాట వినండి. ఎవరు ఒత్తిడి చేశారో చెబితే, ఆ పేరు మీ పై వాడిదైనా సరే, దాన్నీ విచారణలో రాయండి.

8. మొదటి మూడు నెలలు

ఇవన్నీ మొదలుపెట్టిన మొదటి నెల మీ యాక్టివేషన్ అంకె పడిపోయే అవకాశం ఎక్కువ. ఇంతకుముందు లెక్కలో దొంగవి ఉంటే అవి పోతాయి కాబట్టి పడాలి కూడా. ఆ సంగతి మొదలుపెట్టకముందే పై అధికారితో మాట్లాడి ఉంచుకోండి, అంకె పడ్డాక చెబితే సాకు చెబుతున్నారనుకుంటారు. ఆయనకి మీరు చూపించాల్సిన లెక్కలు వేరే: 90 రోజుల తర్వాత ఎన్ని నంబర్లు వాడకంలో ఉన్నాయి, "నేను అడగలేదు" అన్న ఫిర్యాదులు ఎన్ని తగ్గాయి, ఒకే కంప్లైంట్ మళ్ళీ ఎన్నిసార్లు వచ్చింది, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయేవాళ్ళు తగ్గారా.

ఫిర్యాదుల ఫోన్‌కి వచ్చే కాల్స్ మాత్రం మొదట్లో పెరుగుతాయి. పెరిగితే కంగారుపడొద్దు, ఇప్పటిదాకా మింగేసినవి ఇప్పుడు చెబుతున్నారని అర్థం. ఒక్క కాల్ కూడా రాకపోతే మాత్రం ఆ నంబర్ గోడ మీద ఎక్కడ ఉందో, అసలు ఎవరు ఎత్తుతున్నారో మీరే డయల్ చేసి చూడండి.